గుద్దులక్కా, మూత తీసిన మిషనూ

ఆ ల్యాబులో ఏ వస్తువు మొరాయించినా ముందు గుద్దులక్కని పిలుస్తారు, ఆ తర్వాతే మెకానిక్కుని. ప్రింటరు కాగితం నమిలేస్తే అక్క వచ్చి దాని నడుం మీద ఒక్కటిస్తుంది, అది నమిలిందంతా బుద్ధిగా కక్కేస్తుంది. ఫ్రిజ్ తలుపు పట్టేస్తే మోకాలితో ఒకటి. కుర్చీ కిర్రుమంటే కుర్చీకి ఒకటి, అందులో కూర్చున్నవాడికి ఇంకొకటి. గడువు దాటిన రక్తపరీక్షల కిట్లు అంటగట్టడానికి వచ్చిన కంపెనీ ఆయనక్కూడా వీపు మీద ఒకటి పడింది, "ఏం తమ్ముడూ, బాగా చిక్కిపోయావే" అని పలకరిస్తూనే. ఆయన ఆ తర్వాత నుంచి పెట్టెలు గుమ్మంలో దించి, బెల్లు కొట్టి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీంచి దిగిపోయేవాడు.

చూడ్డానికి అక్క పెద్ద ఆకారమేం కాదు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి ఆనవు. కానీ ఆ చేతులున్నాయే, అవి దేవుడు ఇంకెవరికో కొలత తీసి, హడావుడిలో ఈవిడకి తగిలించేసినట్టుంటాయి. రక్తం మీద తేరిన పచ్చటి సీరాన్ని పిపెట్టుతో పీల్చి, ప్లేటులో ఉండే బుల్లి బుల్లి గుంటల్లో చుక్క చుక్కగా వదలడం ఇన్నేళ్లుగా ఆవిడ పని. పిపెట్టు మీట నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు ఎడమదానికి పెద్దన్నలా తయారైంది. ఆ చేత్తో ఎవరి నెత్తినైనా మొట్టికాయ వేసిందంటే వాడు సాయంత్రం దాకా తల దువ్వుకోలేడు.

కొట్టడం ఆవిడకి ఇంట్లో అబ్బిన విద్య. నాన్న లారీ డ్రైవరు. బండి దిగి ఇంటికొచ్చాడంటే రేడియోని కొట్టేవాడు, పెళ్లాన్ని కొట్టేవాడు, పిల్లల్ని కొట్టేవాడు. రేడియో ఒక్కటే నోరు తెరిచేది, మిగతావాళ్లు మూసుకునేవాళ్లు. తల్లి జ్వరమొచ్చి పోయాక చిన్నదాన్ని పెంచే పని పెద్దదాని మీద పడింది. పెద్దది తనకి తెలిసిన పద్ధతిలోనే పెంచింది. అన్నం వదిలేస్తే ఒకటి, ఎక్కం తప్పితే ఒకటి, జడ వేసేటప్పుడు కదిలితే దువ్వెన తిరగేసి ఒకటి. ఒకసారి నాన్న తాగొచ్చి చిన్నదాన్ని కాళ్లు పట్టుకుని గోడకేసి బాదబోతే, పెద్దది రోకలి ఎత్తి ఆయన మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు పక్కింట్లోకి వినపడింది. ఆయన ఆ చేత్తో మళ్లీ స్టీరింగు సరిగ్గా తిప్పలేకపోయాడు. ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తలేదు కూడా. అక్కకి ఆ రోజే ఒక నమ్మకం కుదిరిపోయింది. లోకంలో దెబ్బకి లొంగనిదంటూ ఉండదు, ఎక్కడ వెయ్యాలో తెలియాలంతే.

ఆ నమ్మకంతోనే పెళ్లి కూడా చేసుకుంది. ఆ మొగుడు పట్టుమని ఒక ఎండాకాలం ఉండలేదు. ఎడం చెవి అదిమి పట్టుకుని గుమ్మం దాటినవాడు మళ్లీ కనపడలేదు. ఎవరైనా అడిగితే అక్క, "మంచివాడే పాపం, తట్టుకోలేకపోయాడు" అంటుంది. ఆ మాటలో కాస్త బాధ కూడా ఉంటుంది, నిజం చెప్పాలంటే.

ల్యాబులో అందరికీ ఆవిడంటే భయం, ఆ భయం వెనకాల బోలెడంత ఇష్టం. రిపోర్టు ఆలస్యమైందని ఒక రోగి తాలూకు మనిషి తాగొచ్చి నత్త చెంప పగలగొట్టాడొకసారి. నత్త అంటే అక్క పక్క బల్ల మీద పనిచేసే టెక్నీషియను. పనికి ఎంత నిదానమో, పని తప్పించుకునే ఉపాయానికి అంత చురుకు. వాడి ముక్కులోంచి రక్తం కారడం చూసి అక్క చేతిలో ఉన్న ఇనప స్టాండుతో తాగుబోతు నుదురు చీల్చేసింది. వాణ్ణి తీసుకెళ్లి కుట్లు వేయించిందీ అక్కే, రక్తం తీసిందీ అక్కే. "కదలకు బాబూ, నొప్పి పుడుతుంది" అని బుజ్జగిస్తూ మరీ తీసింది. వాడు తాగింది దిగిపోయి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఇన్ని చక్కబెట్టిన అక్క చక్కబెట్టలేని మనిషి ఒకడున్నాడు. చెల్లెలి మొగుడు.

మరిదికి టైర్ల కొట్టుంది. నలుగురిలో చాలా మర్యాదస్తుడు. వదిన ఎదురుపడితే రెండు చేతులూ జోడిస్తాడు. ఇంటికెళ్లి అదే రెండు చేతులతో పెళ్లాం మెడ పట్టుకుంటాడు. చెల్లెలు ఈ ల్యాబులోనే గొట్టాలు తీసుకునే కిటికీ దగ్గర పనిచేస్తుంది. రక్తం గొట్టాలకి నంబరు చీటీలు అంటించి లోపలికి పంపాలి. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని వస్తుంది. ఏ చొక్కా వేసుకుని వస్తే ఎక్కడ దెబ్బలున్నాయో అక్కకి లెక్క తెలుసు. మెడ దాకా బొత్తాలు పెట్టుకొచ్చిన రోజున అక్క గుద్దిన గుద్దులకి ల్యాబు గోడ సున్నం రాలేది.

ఒకసారి ఆగలేక, పట్టపగలు టైర్ల కొట్టుకే వెళ్లింది. మరిది కారు చక్రం విప్పుతున్నాడు. పక్కనున్న ఇనప కడ్డీ తీసుకుని మోకాలి చిప్ప కింద ఒక్కటేసింది. అతను టైర్ల గుట్ట మీద కూలబడ్డాడు, గుట్ట అతని మీద కూలింది. తిరిగి చెయ్యెత్తలేదు. వీధి వీధంతా వినేలా, "ఆడకూతురి మీద చెయ్యి చేసుకునేవాణ్ణి కాదు వదినా, ఇంకో రెండు వేసుకో" అన్నాడు. జనం అతని సహనానికి అబ్బురపడిపోయారు. ఒకాయనైతే నీళ్లు తెచ్చి తాగించాడు. ఆ సాయంత్రం అతను కుంటుకుంటూ ఇంటికెళ్లి తలుపేసి, వదిన వేసిన ఒక్కదానికీ వడ్డీతో సహా పెళ్లానికి చెల్లించాడు. చెల్లెలి పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రి మంచం మీద ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతున్న చెల్లెల్ని చూసి అక్కకి మొదటిసారి అనుమానమొచ్చింది, తను వేసిన చోటు తప్పేమోనని.

అప్పటినుంచి ఆవిడకి ఒకటే కోరిక. చెల్లెల్ని ఆ ఇంట్లోంచి తన ఇంటికి తెచ్చుకోవాలి. వెనక గదిలో పాత సామానంతా తీసిపారేసి వెల్ల వేయించింది. మంచం కొంది. పరుపు మెత్తగా ఉందో లేదోనని దాన్ని కూడా రెండు గుద్దింది. రోజూ పనిలోకి రాగానే కిటికీ దగ్గరికెళ్లి, "ఎప్పుడొస్తావే" అని అడుగుతుంది. చెల్లెలు చీటీ అంటిస్తూ "చూద్దాంలే అక్కా" అంటుంది. ఏం చూడాలి, ఇంకా ఎముకలేమైనా మిగిలాయేమో చూడాలా అని అక్క పళ్లు నూరుకుంటుంది. చెల్లెలు ఇంకో గొట్టం అందుకుంటుంది.

ఈలోపు ల్యాబులోకి కొత్త మిషను వచ్చింది.

దానికి అద్దాల గది కట్టారు, ఏసీ పెట్టారు, దాని పాదాలు కదలకుండా రాతి బల్ల వేయించారు. అడుగు పెట్టిన రోజు డాక్టరమ్మ స్వయంగా ఎదురెళ్లింది. ఆవిడ ల్యాబు మొత్తానికి పెద్ద. అది అలిగితే పని ఆగిపోతుంది, దాని ముందు ఎవరూ గట్టిగా తుమ్మకూడదు, తినడానికి వేళకి అన్నీ అమర్చాలి. ఇన్ని మర్యాదలు చూసి నత్త దానికి 'అల్లుడు' అని పేరు పెట్టేశాడు. అదే స్థిరపడిపోయింది. "అల్లుడు లేచాడా?" "లేచాడు, నోరు కడుక్కుంటున్నాడు." అలా ఉండేది సంభాషణ.

అల్లుడి పని నిజంగా చూడముచ్చటే. పైన ఒక ఇనప చెయ్యి, దాని చివర పొడుగాటి ఉక్కు సూది. స్టాండులో గొట్టాలు వరసగా పెట్టి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మూత దించేస్తే చాలు. చెయ్యి సర్రున వెళ్లి ఒక గొట్టం మీద ఆగుతుంది. సూది దిగుతుంది. మొనకి తడి తగలగానే ఆగి, కావలసినంత సీరం పీల్చుకుని, పక్కకెళ్లి ప్లేటు గుంటలో వదిలి, సూది కడుక్కుని, మళ్లీ వెనక్కి. అక్క పొద్దుటి నుంచి భోజనాల దాకా బొటనవేలు అరగదీసుకుని చేసే పని అది టీ చల్లారేలోగా చేసేస్తుంది.

వచ్చిన వారంలోనే అది ఎందుకో ఆగి బీప్ బీప్‌మంది. అక్క అలవాటు కొద్దీ దాని పక్కలో ఒక్కటిచ్చింది. బీప్ ఆగింది. అక్క చేతులు దులుపుకుని నవ్వింది. అది మళ్లీ కదిలి, సూదిని గొట్టం నోట్లోకి కాకుండా గొట్టం అంచు మీదకి దించి, టక్కున వంచేసుకుంది. కంపెనీ నుంచి బట్టతల ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. ఏ గొట్టం ఎక్కడుందో అది వెంట్రుకవాసి కొలతతో గుర్తుపెట్టుకుంటుందనీ, గుద్దితే ఆ కొలత చెదిరిపోతుందనీ చెప్పాడు. చివర్లో చేతులు నలుపుకుంటూ, "అమ్మా, ఇది కొడితే వినే రకం కాదమ్మా. కొడితే పక్కనోణ్ణి పొడుస్తుంది" అన్నాడు.

ఆ మాటకి అక్కకి అన్నం సహించలేదు. టైర్ల కొట్టు జ్ఞాపకమొచ్చింది.

అల్లుడికి ఇంకో రోగం, నురగ. గొట్టాన్ని కుదిపి తెస్తే సీరం మీద బుడగలు లేస్తాయి. సూదికి బుడగ తగిలినా సీరమే అనుకుని ఆగిపోయి గాలి పీల్చుకుంటుంది. అందుకని బుడగ కనిపిస్తే పుల్లతో పొడిచి పగలగొట్టాలి. పొడవాలంటే మూత ఎత్తాలి. మూత ఎత్తితే చెయ్యి ఠక్కున ఆగిపోతుంది. అది మనుషుల చేతులు కాపాడడానికి పెట్టిన ఏర్పాటు. కానీ మూత మళ్లీ దించాక అది ఆగినచోటి నుంచి అందుకోదు, అలిగి మొత్తం మొదటికొస్తుంది. పరీక్ష కోసం అందులో వేసిన మందులన్నీ పారబోయాలి. డాక్టరమ్మ తిట్టాలి. కొన్నాళ్లు ఈ తంతు చూసి నత్త ఒక ఉపాయం కనిపెట్టాడు. మూత మూసి ఉందో లేదో అల్లుడికి చెప్పేది అంచున ఉన్న చిన్న అయస్కాంతం. దాని బదులు ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మ అయస్కాంతం ఒకటి తెచ్చి ఆ చోట అంటించేశాడు. ఇక మూత బార్లా తెరిచి ఉన్నా, లోపల ఎవరి చెయ్యి ఉన్నా, అల్లుడు మూత మూసే ఉందనుకుని హాయిగా తన పని తను చేసుకుపోతాడు. డాక్టరమ్మ అద్దాల గదిలోకి వచ్చేముందు ఎవరో ఒకరు దాన్ని పీకి జేబులో వేసుకునేవాళ్లు. సూది ఎప్పుడు ఎటు వస్తుందో అందరికీ కంటికి అలవాటైపోయింది. వంటింట్లో మరుగుతున్న గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టే, అలవాటుగా పెట్టి, అలవాటుగా తీసేవాళ్లు.

ఒక రోజు పొద్దున్న చెల్లెలు పెదవి చీలి వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. భుజానికి ఎప్పుడూ ఉండే చిన్న సంచి కాక, చేతిలో బట్టల సంచి ఉంది. అక్క రోజూ అడిగే మాట అడగబోయే లోపలే, "సాయంత్రం నీ దగ్గరికే వస్తానక్కా" అంది. వాచిన పెదవితో చెప్పడం వల్ల ఆ మాట సరిగ్గా పలకలేదు కూడా. అక్క వినీ, మళ్లీ చెప్పించుకుని, కళ్లు తుడుచుకుని, ఆనందం పట్టలేక నత్త వీపు మీద ఒకటి వేసింది. నత్త వెళ్లి బల్ల అంచుకి గుద్దుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అద్దాల గదిలో అక్క, చెల్లెలు, నత్త ఉన్నారు. అల్లుడు కామెర్ల వైరస్ పరీక్షల గొట్టాల మీద పనిచేస్తున్నాడు. మూత ఎత్తి ఉంది. బొమ్మ అయస్కాంతం దాని చోట అది ఉంది. ఆ మొహంతో కిటికీ దగ్గర కూర్చోలేక లోపలికొచ్చిన చెల్లెలు పుల్ల పట్టుకుని బుడగలు పగలగొడుతోంది.

మరిది తలుపు తన్నుకుని వచ్చాడు. ఇంట్లో బట్టలు లేకపోవడం చూసుకుని నేరుగా ఇక్కడికే వచ్చాడు. చేతులు జోడించలేదు. కిటికీ దగ్గర అడ్డొచ్చిన మనిషిని ఒక్క తోపుతో గోడకి కొట్టి, లోపలికొచ్చి, చెల్లెలి జడ చేతికి చుట్టుకుని లాగాడు. ఆమె తల వెళ్లి రాతి బల్ల అంచుకి తగిలింది. చర్మం చిట్లి రక్తం కనుబొమ్మ మీదుగా కారింది. జడ వదలకుండానే మళ్లీ లేపి, మళ్లీ కొట్టాడు. "నడవ్వే ఇంటికి" అంటున్నాడు, కొట్టిన ప్రతిసారీ, అదేదో మేకు దిగగొడుతున్నట్టు.

నత్త అడ్డం వెళ్లాడు. మరిది మోచేయి వాడి మూతికి తగిలి ముందు పన్ను ఊడి నేల మీద పడింది. అక్క కుర్చీ ఎత్తింది. ఎత్తిన కుర్చీ అలాగే ఆగిపోయింది, ఎందుకంటే మరిది చెల్లెల్ని ముందుకి లాగి అడ్డం పెట్టుకున్నాడు. "వెయ్యి వదినా. నువ్వేసింది దీనికే తగుల్తుంది. ఎప్పుడూ దీనికే కదా" అన్నాడు.

అక్క చేతుల్లోంచి కుర్చీ జారిపోయింది.

అప్పుడతని చూపు మిషను మీద పడింది. పెళ్లాన్ని నేల మీదకి తోసేసి, "దీని కోసమేగా పొద్దున లేస్తే పరిగెత్తుకొస్తావు" అంటూ గొట్టాల స్టాండు ఊడబీకి నేలకేసి కొడదామని మూత ఎత్తిన చోట చెయ్యి పెట్టాడు. అందరికీ కంటికి అలవాటైన ఆ ఇనప చెయ్యి అతనికి అలవాటు లేదు. అది సర్రున వచ్చి ముందు మణికట్టుని గుద్ది స్టాండుకి అదిమేసింది. గొట్టం ఉండాల్సిన చోట చెయ్యి ఉంది. అల్లుడికి ఆ తేడాలేమీ తెలియవు. సూది దిగింది. అరచేతి వెనక చర్మం చీల్చుకుని, ఎముకల మధ్యలోంచి అవతలికి పొడుచుకొచ్చింది. మొనకి తడి తగిలింది. తడి తగిలింది కాబట్టి, పద్ధతి ప్రకారం, కావలసినంత పీల్చుకుంది.

అతను అరిచిన అరుపుకి కింద అంతస్తులో వాళ్లు కూడా పైకి చూశారు.

పీల్చుకున్నాక సూది లేవాలి కదా, లేవబోయింది. ఎముకల మధ్య ఇరుక్కున్న చెయ్యి దాంతోపాటు లేచింది. లేవలేక దిగింది. మళ్లీ లేవబోయింది. ప్రతి లాగుడికీ గాయం పెద్దదవుతోంది. రక్తం గొట్టాల మూతుల్లోకి, ప్లేటు గుంటల్లోకి కారుతోంది. అతను ఎడం చేత్తో మిషనుని గుద్దుతున్నాడు, కాలితో బల్లని తన్నుతున్నాడు. గుద్దినకొద్దీ అది ఇంకో పక్కకి లాగింది.

ఆపడానికి ఎర్ర బొత్తం అక్క పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి చాపింది కూడా. ఆ లావాటి బొటనవేలు బొత్తం మీద ఆనింది. ఇన్నేళ్లుగా నొక్కడం తప్ప మరోటి తెలియని వేలు అది. నొక్కలేదు. అతని మొహం చూస్తూ నిలబడింది. చెల్లెలి పక్కటెముకలు, చీలిన పెదవి, మెడ మీద మచ్చలు, అన్నీ ఆ సూది ఒక్కొక్కటిగా అడిగి వసూలు చేస్తున్నట్టు అనిపించింది ఆవిడకి. ఇంకొక్కసారి లాగనీ, అనుకుంది. ఇంకొక్కసారి.

నేల మీద పడి ఉన్న చెల్లెలు పాకుతూ వచ్చి, అక్క వేలి మీద తన వేలు పెట్టి, బలంగా నొక్కింది.

ఇనప చెయ్యి ఆగింది. మరిది ఏడుస్తున్నాడు.

అక్కకి ఒళ్లు తెలియలేదు. చెల్లెల్ని భుజం పట్టి లేపి, రక్తం కారుతున్న ఆ చెంప మీదే లాగి ఒక్కటి కొట్టింది. "ఎందుకు నొక్కావే" అంది. మళ్లీ కొట్టింది. "వాణ్ణెందుకు వదిలించావే" అంది. చెల్లెలు వెళ్లి గోడకి తగిలి, అక్కడే ఆనుకుని, మొహానికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా నిలబడింది. తర్వాత చాలా మామూలు గొంతుతో అడిగింది.

"అయిపోయిందా అక్కా?"

ఆ గొంతు అక్క ఎప్పుడూ వినలేదు. మరిది మాత్రం విన్నాడు. ఏడుస్తున్నవాడు కూడా తలెత్తి చూశాడు. ఇంట్లో తను అలిసిపోయి ఆపిన ప్రతిసారీ పెళ్లాం అడిగే మాట అది.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. సూదిని చేతిలోంచి లాగితే నరాలు తెగుతాయని, బట్టతల ఇంజనీరు ఫోన్‌లో ఎలా విప్పాలో చెబుతుంటే నత్త ఊడిన పన్ను చొక్కా జేబులో పెట్టుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని, సూదిని ఇనప చెయ్యి నుంచి మర విప్పి తీశాడు. జీవితంలో వాడు తొందరగా చేసిన పని అదొక్కటే. మరిది అరచేతిలో జెండా కర్రలా నిలబడ్డ ఉక్కు సూదితో వరండాలో నడుచుకుంటూ ఎమర్జెన్సీకి వెళ్లాడు. దారి పొడుగునా జనం పక్కకి జరిగారు. అక్కడి డాక్టరు సూది తీసి, కుట్లు వేసి, ఆ సూది అంతకుముందు ఎన్ని గొట్టాల్లో మునిగిందో కనుక్కుని, కామెర్లు రాకుండా ఇంజెక్షన్లు పొడిచాడు. నెలల తరబడి వచ్చి రక్తం పరీక్ష చేయించుకుంటూ ఉండాలన్నాడు. మరిది భోరుమన్నాడు. ఎవరి రోగం ఎక్కిందో ఏమోనని, పెళ్లాన్ని పిలవమని, తనకింకెవరూ లేరని అందరినీ బతిమాలాడు.

చెల్లెలు వెళ్లింది. నుదుటికి కట్టుతో, గుమ్మంలోనే నిలబడింది. అతను పోలీసుల దగ్గరికెళ్తానని, అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి తోశారని చెబుతానని మొదలుపెట్టాడు. ఆమె అడ్డు చెప్పకుండా విని, తను కూడా వస్తానంది, చీలిన పెదవి, చిట్లిన నుదురు, అప్పుడు తీసిన పక్కటెముకల ఎక్స్‌రే అన్నీ పట్టుకుని పక్కనే నిలబడతానంది. అతను నోరు మూశాడు. అతని రక్తం గొట్టం ల్యాబుకొస్తే, ఆమె దానికి చీటీ అంటించి, మిగతా గొట్టాల వరసలో పెట్టి పంపేసింది.

మూత ఎత్తి ఉండగా ఇనప చెయ్యి ఎలా కదిలిందని డాక్టరమ్మ నిలదీసింది. అయస్కాంతం అప్పటికే నత్త జేబులో పన్నుకి తోడుగా ఉంది. కానీ అక్క దాచలేదు. అయస్కాంతం సంగతి చెప్పేసింది, బొత్తం మీద వేలు పెట్టి నొక్కని సంగతి కూడా చెప్పేసింది. డాక్టరమ్మ రెండోది తను వినలేదనీ, మొదటిదానికి మాత్రం కొన్నాళ్లు పనిలోకి రావద్దనీ అంది.

పని వేళ అయిపోయింది. అక్క చెల్లెలి బట్టల సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడింది. ఇంట్లో దుప్పటి ఉతికి ఆరేసిందో లేదో గుర్తు తెచ్చుకుంటోంది. చెల్లెలు వచ్చి ఆవిడ భుజం మీంచి సంచి తీసుకుంది.

"ఇటు కదే బస్సు" అంది అక్క.

"నర్సుల హాస్టల్లో గది ఖాళీ ఉందటక్కా. డాక్టరమ్మ మాట్లాడింది."

అక్కకి అర్థం కాలేదు. గది అక్కడ ఉంది కదా, మంచం కూడా కొన్నాను కదా అంది. చెల్లెలు అవునంది. మంచం బాగుందంది. సంచి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"ఒక్కటే కదే వేసింది" అంది అక్క. తర్వాత తనే సరిచేసుకుంది. "రెండు. కోపంలో పడిపోయాయి."

"ఆయనా అదే అంటాడక్కా." చెల్లెలి గొంతులో దెప్పిపొడుపు లేదు, అలసట ఉంది. "చిన్నప్పుడు నాన్న చెయ్యి విరగ్గొట్టావు చూడు, ఆ రోజు నిన్ను పట్టుకుని నిద్రపోయాను. మర్నాడు జడ వేస్తూ దువ్వెనతో కొట్టావు. నాకు రెండూ గుర్తున్నాయి. ఇన్నాళ్లూ ఆ ఇంట్లోంచి రాలేకపోయింది అందుకే. బయటికొచ్చి ఎటు రావాలో తెలియలేదు."

అక్క చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కుచ్చిళ్లలో దోపుకుంది. హాస్టల్ దాకా రావచ్చా అని అడిగింది. ఆవిడ ఎవరినైనా ఏదైనా అడిగి చెయ్యడం చెల్లెలికి కొత్త. రమ్మంది.

హాస్టల్ సన్నటి సందులో ఉంది. మెట్లెక్కుతున్నంతసేపూ చెల్లెలు గోడ పట్టుకుని ఆగి ఆగి నడిచింది. అక్క ఒక మెట్టు వెనకే ఉంది, పడితే పట్టుకుందామని, కానీ ముట్టుకోలేదు. గది ముందు చెల్లెలు వెనక్కి తిరిగి, "రేపు ఫోన్ చేస్తాను" అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడయింది. కొంచెం ఆగి, కింది గడియ కూడా పడింది.

అక్క కిందకి దిగింది. మెట్ల దగ్గర స్టూలు మీద హాస్టల్ ఆయా కూర్చుని ఉంది. బలంగా, కండపట్టి ఉన్న మనిషి. పక్కన గోడకి ఆనించి ఒక కర్ర ఉంది. అక్క ఆ కర్రనీ, ఆయా భుజాలనీ పరీక్షగా చూసింది. చూసి తృప్తిపడింది.

"మీరు ఆ అమ్మాయికి ఏమవుతారమ్మా?" అంది ఆయా. "మొగుడొస్తే పైకి రానివ్వొద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది."

"అక్కని."

"అయితే మీరు రావచ్చులెండి."

అక్క వెళ్లబోయి ఆగింది.

"రానివ్వకు" అంది. "అది కిందకొచ్చి పిలిస్తే తప్ప నన్ను కూడా రానివ్వకు. నేను గొడవ చేస్తాను. అరుస్తాను. అయినా రానివ్వకు."

ఆయా ఆవిడని ఎగాదిగా చూసి, కర్రని గోడ దగ్గర్నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అలాగేనమ్మా" అంది.